తీగ నాది, వత్తి నాది

వచ్చే ఆదివారం అన్నయ్య సంతాపసభ. "ఆయనకి మీరు సొంత చెల్లెలికన్నా ఎక్కువ కదండీ, నాలుగు మంచి మాటలు మీరే చెప్పాలి" అని ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ కింద వరసగా దండాల బొమ్మలు. నేనింకా జవాబివ్వలేదు. నాలుగేం ఖర్మ, అన్నయ్య గురించి నలభై మంచి మాటలు చెప్పగలను. చెప్పగలను కాబట్టే ఒళ్ళు మండిపోతోంది.

అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు. సింగపూర్లో మనకంటే కాస్త పెద్దవాడైన ప్రతి మగవాడూ అంకులే. మేం వచ్చిన కొత్తలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే నేనూ ఆయన్ని అలాగే పిలిచాను. చేతిలో ఉన్న అరటిపళ్ళ పళ్ళెం కింద పెట్టేసి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. "అంకులా? ముసలాణ్ణి చేసేశావు కదమ్మా! మీది కాకినాడంటగా. మాది అమలాపురం, ఆయ్. మధ్యలో అడ్డం గోదారొక్కటే. అన్నయ్యా అను, పోయేదేముంది?" అన్నాడు. అన్నాను. పోయేదేముందో నాకప్పుడు తెలియదు.

ఊరికి ఆ చివర బూన్ లేలో ఆయన ఫ్లాటు, ఈ చివర ఆంగ్ మో కియోలో మాది. రెండు రైళ్ళెక్కి వచ్చేవాడు. భుజాన ఎప్పుడూ ఒక నల్ల సంచి. అందులో స్క్రూడ్రైవర్లు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు, పట్టకార్లు. రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవాడని విన్నాను కానీ ఆ పని గురించి ఆయన నోట ఒక్క మాటా వినలేదు. తలుపు తియ్యగానే "మకాన్ అయిందా?" అనేవాడు. అంటే భోంచేశారా అని, ఇక్కడి మలయ్ మాట. అయిందన్నా కాలేదన్నా ఆగేవాడు కాదు. సరాసరి లోపలికొచ్చి, కళ్ళు ఇంటి చుట్టూ ఒకసారి తిప్పి, కుర్చీ లాక్కుని ఫ్యాను కింద ఎక్కేసేవాడు. ఫ్యాను చప్పుడు చేస్తోందని నేను ఎవరికీ చెప్పలేదే!

"నీకెవరు చెప్పారన్నయ్యా?"

"చెప్పాలేంటమ్మా? మెట్ల దగ్గరకే వినపడుతోంటే. మన మనిషి దగ్గర అడిగించుకోకూడదు."

అడిగించుకోకూడదు. ఆయన నోట ఈ మాట వినని తెలుగు ఇల్లు ఈ ఊళ్ళో ఉండదు. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరి అత్తగారు విమానం దిగుతున్నా, ఎవరికి ఉద్యోగం ఊడినా, వాళ్ళు నోరు తెరవకముందే అన్నయ్య అక్కడుండేవాడు. చాలామందికి ఆయన్ని చూస్తే కళ్ళు చెమర్చేవి. నాకూ చెమర్చేవి, దాచుకోవడం దేనికి?

ఇంకో అలవాటుండేది. చేతికి ఏం దొరికితే అది చిటికెన వేలికి చుట్టేవాడు. స్ట్రా తొడుగు, కరివేపాకు ఈనె, టీ పొట్లం దారం, మా అమ్మాయి జడ రిబ్బను. మాటలు మాట్లాడుతూనే ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా. తర్వాత మెల్లగా వేలి మీంచి జార్చి టేబుల్ మీద నిలబెట్టేవాడు. ఆయన వెళ్ళాక మా డైనింగ్ టేబుల్ నిండా చిన్న చిన్న స్ప్రింగులు మిగిలేవి. మురిపెంగానే ఊడ్చి పారేసేదాన్ని.

ముక్కు కూడా ముక్కే. కాఫీ గ్లాసు అందుకుని తాగకముందే "పొడి మార్చావా?" అనేవాడు. సిగరెట్లు తాగి తాగి ఎప్పుడో మానేశాడట. "మానేశాకే అమ్మా వాసనలు తెలిసింది. ఇప్పుడు ఆ గాలి కూడా తగలనివ్వను" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. ఆయన చొక్కా దగ్గర ఎప్పుడూ లేత పుదీనా వాసనొచ్చేది. బిళ్ళలు చప్పరిస్తాడు కాబోలనుకున్నాను. అంతకంటే తెలివి ఎక్కణ్ణించి వస్తుంది నాకు?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగం గురించి అడిగిన ఒకే ఒక్క మనిషి అన్నయ్య. ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఒక చిన్న ల్యాబులో పని నాది. ఫర్నేసుల్లో, ఓవెన్లలో వేడెక్కే తీగలు ఉంటాయే, అవి ఎంత వేడికి ఎంతకాలం నిలుస్తాయో పరీక్ష చెయ్యడం. మా ఆయన్నడిగితే "ఏదో మెటీరియల్స్" అంటారు. మా అమ్మాయినడిగితే "మై మమ్ బర్న్స్ వైర్స్, లా" అంటుంది. అన్నయ్య మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని అడిగేవాడు. ఒకే లావున్న రెండు తీగల్లో ఒకటి ఎర్రగా మండుతుంటే రెండోది గోరువెచ్చగా ఎందుకుంటుంది? కాలిన తీగ మీద ఆ బూడిదరంగు పొర మంచిదా చెడ్డదా? నేను చెబుతుంటే ఆయన తలూపే తీరు చూస్తే ఇంకా చెప్పాలనిపించేది. ఇంట్లో ఎవరికీ పట్టని నా పని ఒకరికి పట్టిందని ఎంత పొంగిపోయానో!

మా ఆయన సిగరెట్లు నా పెళ్ళి కంటే పాతవి. రెండేళ్ళ కిందట ఒకరోజు ఆఫీసులో ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. గుండె అనుకున్నాం. గుండె కాదు, కుడి ఊపిరితిత్తికి చిల్లుపడి, గాలి బయటికొచ్చి, అది ముడుచుకుపోయింది. ఆపరేషన్ చేశారు. థియేటర్ బయట నా పక్కన కూర్చున్నది అన్నయ్యే. నా చేతిలో మైలో డబ్బా పెట్టి "తాగు, నువ్వు పడిపోతే బావగార్ని ఎవరు చూస్తారు?" అన్నాడు. చెల్లెలి మొగుడు కాబట్టి మా ఆయన్ని బావగారనేవాడు. డిశ్చార్జి రోజు చైనీస్ డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి చెప్పింది: ఏ పొగా లోపలికి పోకూడదు, మళ్ళీ పోతే మళ్ళీ ముడుచుకుంటుంది, ఆ తర్వాత నేనేం చెప్పలేను. అగరొత్తులు కూడా వద్దంది. ఆ రోజునుంచి నా బతుకు ఆ ఊపిరితిత్తి చుట్టూ తిరిగింది. ఆయన నిద్రలో దగ్గితే నాకు మెలకువ వచ్చేసేది.

ఇంట్లో సాంబ్రాణి ఆపేశాను. ఇక్కడ కొత్తగా కట్టిన ప్రతి ఫ్లాటులో బాంబ్ షెల్టర్ అని ఒక గది ఉంటుంది, మందపాటి గోడలు, ఇనప తలుపు. ఎదురింటి వాళ్ళు అందులో పాత సూట్‌కేసులు పెట్టుకుంటారు, మేం దేవుణ్ణి పెట్టుకున్నాం. శుక్రవారం ధూపం వెయ్యని ఆ గదిలోకి వెళ్తే ఏదో వెలితిగా ఉండేది. అన్నయ్య ఆ వారమే వచ్చాడు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"శుక్రవారం పూట సాంబ్రాణి వాసన లేదేంటమ్మా?"

చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను కూడా. వినేశాడు. గుమ్మానికి కట్టిన పూలదండ దారం కొస ఒకటి తెంపి వేలికి చుట్టాడు. "బొగ్గుండదు, పొగుండదు. తైలంలో తడిసిన వత్తిని సన్నతీగ వెచ్చబెడుతుంది అంతే. వట్టి పరిమళం. ఊపిరితిత్తికి ఏమీ కాదు. నేను చేసిపెడతానుగా" అన్నాడు. "తీగ మాత్రం నువ్వే ఎంచాలి. ఆ విద్య నీది."

మరుసటి శనివారం పెసరట్లు తిన్నాక స్టీలు పళ్ళెంలో నాలుగు చిన్న తీగ కండెలు పెట్టాడు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఎంత దర్జాగా పెట్టుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. మొదటిది టైటానియం. "ఇది వద్దన్నయ్యా. పొరపాటున ఎర్రబడితే తెల్ల పొడి రాలుతుంది. మా ఆయన పీల్చే గాలిలోకి ఆ పొడి వద్దు." పక్కన పెట్టేశాడు. రెండోది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన తీగ. గట్టిది, ఎర్రగా కాలినా చెక్కు చెదరదు, కానీ వేడెక్కడానికి బద్ధకం, చుడితే విచ్చుకుంటుంది. మూడోది నిక్రోమ్. గబుక్కున వేడెక్కుతుంది, మంచిదే, కానీ వేడి ఎంతైందో తనంతట తను చెప్పదు. నాలుగోది స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని పట్టుకుని ఒక క్లాసే తీసుకున్నాను. "ఇది వేడెక్కేకొద్దీ దీని రెసిస్టెన్స్ పెరుగుతుంది. చిన్న సర్క్యూట్ పెడితే ఆ పెరుగుదల చూసి కరెంటు దానంతటదే తగ్గించేస్తుంది. వత్తి మాడదు. మాడకపోతే పొగ రాదు. ఇదే వెయ్యి."

"దీని నుంచి ఇనప రుచి... అదే, ఇనప వాసన రాదు కదా?"

"రాదు."

"చుట్టు లోపల మూడు మిల్లీమీటర్లు చాలా?"

"అంత చిన్నదా! దేవుడి గదికి సరిపోతుందా?"

"చిన్న ఇల్లు, చిన్న దేవుడు, చిన్న ధూపం" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

వత్తులు కూడా నన్నే చెయ్యమన్నాడు. "బజారు వత్తులు గట్టిగా ఉంటాయమ్మా, తైలం పీల్చవు. నీ చేత్తో చెయ్యి, వదులుగా, పొడుగ్గా. వేళ్ళకి విభూది మాత్రం రాసుకోకు, మాడు వాసనొస్తుంది." మంచి దూది తెప్పించి, గింజల నలుసు లేకుండా ఏరి, ప్రతి శుక్రవారం లలితా సహస్రనామం చదువుకుంటూ చేసేదాన్ని. నాది ఎడమచేతి వాటం. నా వత్తుల పురి అందరి వత్తులకీ ఎదురు తిరుగుతుంది. మా అత్తగారు వాటిని చూసి వంకలు పెట్టేవారు. అన్నయ్య ఏ వంకా పెట్టలేదు, డబ్బా నిండగానే తీసుకెళ్ళేవాడు. ఇన్ని వత్తులెందుకని నేను అడగలేదు. వేరే ఇళ్ళకి కూడా ధూపం పెట్టెలు చేసిస్తున్నాడుగా, పుణ్యంలో నాకూ వాటా అనుకున్నాను. ఆ పురి తిప్పుతున్నంతసేపూ నేను అడిగింది ఒక్కటే, మా ఆయన ఊపిరి చల్లగా ఉండాలని.

పెట్టె వచ్చింది. బుల్లి మండపం ఆకారం, పైన ఇత్తడి జాలీ. స్విచ్ వేసిన కాసేపటికి గదంతా సాంబ్రాణి పరిమళం పరుచుకుంది. పొగ కంటికి కనపడలేదు. నేను అన్నయ్య కాళ్ళకి దండం పెట్టాను. అవును, పెట్టాను. ఆ చేతులు ఇప్పటికీ నావే, ఏం చేసుకోను!

అప్పట్నుంచే మా ఆయనకి భక్తి పట్టుకుంది. ఏనాడూ కొబ్బరికాయ కొట్టని మనిషి ఆఫీసు నుంచి రాగానే స్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్ళి, ధూపం స్విచ్ వేసి, ఇనప తలుపు వేసుకునేవారు. ధ్యానమట. బయటికొచ్చేటప్పుడు మొహం ప్రశాంతంగా ఉండేది. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి కదా, దేవుడు గుర్తొచ్చాడనుకున్నాను. కాకినాడ ఫోన్ చేసి మా అత్తగారికి చెప్పి ఇద్దరం మురిసిపోయాం. "ఆ అబ్బాయెవరో గానీ మీ ఇంట్లో దీపం పెట్టాడమ్మా" అన్నారావిడ అన్నయ్య గురించి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు. దేవుడి గదిలో ప్రసాదం గిన్నె కోసం వెళ్ళిన మా అమ్మాయి ముక్కు చిట్లించుకుని వచ్చింది. "అమ్మా, వై గాడ్ రూమ్ స్మెల్ లైక్ మ్యాంగో, ఆ? సో స్ట్రాంగ్ లా."

మామిడిపళ్ళ రోజులు కావు. వెళ్ళాను. నిజమే, సాంబ్రాణి కింద ఎక్కడో మామిడి. పెట్టె తీసి అటూ ఇటూ తిప్పాను. అడుగున ఒక చెక్క కదిలింది. లాగితే సొరుగు. అందులో వేలంత లోహపు గొట్టం, పక్కన పసుప్పచ్చటి ద్రవం సీసా. నేనేం చిన్నపిల్లని కాదు, రైలు స్టేషన్లలో హెచ్చరిక పోస్టర్లు చూస్తూనే ఉంటాను. అది వేప్, బ్యాటరీ సిగరెట్టు. ఈ దేశంలో అది దగ్గరుంటేనే నేరం. మాలాంటి వర్క్ పాసుల మీద బతికేవాళ్ళు దొరికితే ఆ పాసే పోవచ్చు. కానీ ఆ నిమిషం నాకు పాసు గుర్తుకురాలేదు. మూత తిప్పి చూశాను. లోపల బుల్లి చుట్టు. ఒక వరస పక్కన ఇంకో వరస, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా. స్టీలు తీగ. ఆ చుట్టు మధ్యలోంచి వెళ్తున్న దూదిని గోటితో లాగాను. కొస సగం నల్లగా ఉంది. మిగతా సగంలో పురి కనిపించింది, ఎదురు పురి.

నా చేతులు. నా మంత్రం. నేను ఏరి ఎంచిన తీగ. అన్నీ కలిపి రోజూ సాయంత్రం నా మొగుడి ఊపిరితిత్తిలోకి. ఆ చుట్టు ఊడదీసి కాగితంలో మడిచి దాచాను.

మా ఆయన వచ్చారు. మెడ మీద జుట్టు ముక్కలు అలాగే ఉన్నాయి. గొట్టం చూపించాను. "ఇది సిగరెట్ కాదుగా" అన్నారు ముందు. తర్వాత "నేనడగలేదు, బావే తెచ్చిచ్చాడు" అన్నారు. నా ఎదురుగానే గొట్టం, సీసా వంటింటి గోడలోని చెత్త గొట్టంలో వేశారు. అది అంతస్తులన్నీ దాటి కిందకి పోతున్న చప్పుడు వింటూ ఇద్దరం నిలబడ్డాం. "ఇక జన్మలో ముట్టను" అన్నారు.

మొగుడు సిగరెట్ల మనిషి, వ్యసనం, బలహీనత. ఆయన మీద కోపం ఒక రకం. కానీ అన్నయ్య? ఆయనకేం బలవంతం? నన్ను గంటలకొద్దీ కూర్చోబెట్టి, తలూపి, "ఆ విద్య నీది" అని పొగిడి, నాతోనే ఎంచించాడు! నా తీగల కబుర్లు విన్నంతకాలం ఆయన వింటున్నది నన్నా, తనకి కావలసిన ముక్కనా? ఆ మాట నన్ను ఇప్పటికీ తొలిచేస్తోంది.

మర్నాడు లంచ్ టైములో మా ల్యాబు దగ్గర తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నాను. నేను వెళ్ళేసరికి టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాకని ఆపి పెట్టి, రెండు కాఫీలు తెచ్చి కూర్చున్నాడు. నాకు చక్కెర తక్కువ. అదీ గుర్తుంది మహానుభావుడికి.

"మకాన్ అయిందామ్మా?"

నేను కాగితం మడత విప్పి ఆ చుట్టు ఆయన ముందు పెట్టాను. అన్నయ్య వంగి చూశాడు. తప్పు చేసినవాడి చూపు కాదది. వేలితో అటు తిప్పి ఇటు తిప్పి, "ఇంత వాడినా వంకర తిరగలేదు చూడు. నువ్వెంచిన తీగ గట్టిదమ్మా" అన్నాడు.

వేడి కాఫీ మొహాన కొట్టాలనిపించింది. "ఆయన ఊపిరితిత్తి కుట్టించుకొచ్చాం అన్నయ్యా. నీకు తెలుసు. ఆపరేషన్ థియేటర్ బయట నా పక్కన కూర్చున్నది నువ్వే."

"తెలుసు కాబట్టే కదమ్మా. బావగారు మీ బ్లాకు కింద సిగరెట్టు పీకలకేసి చూస్తూ తిరగడం నా కళ్ళతో చూశాను. ప్రాణం ఉసూరుమంది. ఏదో రోజు ఎవర్నో అడిగి వెలిగించేస్తాడు. దానికంటే ఇది నయం కదా. అది కూడా బయట దొరికే చెత్త తీగతో ఎందుకు? మంచిది వెయ్యాలనే నిన్నడిగాను. నీ అంత జాగ్రత్తగా ఎవరెంచుతారు?"

"నువ్వడిగింది దేవుడికని."

"దేవుడికీ చేశానుగా, ఆయ్. ధూపం రాలేదా?"

వచ్చింది. అదే కదా నా ఏడుపు. అబద్ధమని పట్టుకుందామంటే ధూపం నిజంగానే వచ్చింది.

"ఆయన నిన్నడిగారా? అది చెప్పు."

"అబ్బే, బావగారు పాపం నోరు తెరవలేదు" అన్నాడు అన్నయ్య, అదేదో మా ఆయన గొప్పతనమన్నట్టు. "అడిగించుకోకూడదమ్మా."

నేను లేచి నిలబడ్డాను. పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారు. అప్పుడు గానీ ఆయన మొహంలో రంగు మారలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో తల్లీ. నీకింత కష్టంగా ఉంటుందనుకోలేదు. ఇంక ఇవ్వను. నా దగ్గరున్నది, ఆ పుదీనాది కూడా పారేస్తాను. నీ మీదొట్టు." కళ్ళనిండా నీళ్ళు. నాటకం కాదు, నాటకమైతే నేను పట్టేసేదాన్ని. చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. చక్కెర తక్కువ కాఫీ అక్కడే వదిలేశాను.

చాలాకాలం మాట్లాడలేదు. ఆయన పండగలకి మెసేజ్ పెట్టేవాడు, నేను చూసి ఊరుకునేదాన్ని. ఫ్యాను మళ్ళీ చప్పుడు మొదలుపెట్టింది. దేవుడి గది తలుపు తీసే ఉంచేదాన్ని, ధూపం పెట్టె ఎత్తి అటక మీద పడేశాను. మొన్న ఉగాదికి పచ్చడి లైన్లో ఎదురుపడ్డాడు. సన్నబడ్డాడు. "మకాన్ అయిందా?" అన్నాడు మెల్లగా. అయిందన్నయ్యా అన్నాను. ఒట్టు పెట్టిన మనిషి, ఎన్నాళ్ళు సాధిస్తాను? తర్వాత ఒకసారి వాళ్ళింటికి అరిసెలు కూడా పంపాను.

ఆ మధ్యే మా ఆయన పరీక్షలకి వెళ్ళాం. డాక్టరమ్మ ఫిలిం చాలాసేపు చూసింది. ఊపిరితిత్తి కోలుకోవలసినంత కోలుకోలేదంది. "ఏమైనా పీలుస్తున్నారా?" అనడిగింది. మా ఆయన నోరు తెరిచేలోపే నేను చెప్పాను. "లేదు డాక్టర్. సంవత్సరం పైనే అయింది. నేను హామీ ఇస్తాను." ఆవిడ నావైపు చూసి, సరే అని రాసుకుంది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

కిందటి వారంలో ఒక ఉదయం అన్నయ్య నిద్ర లేవలేదు. గుండె. వెళ్ళాం. నేను ఏడ్చిన ఏడుపుకి వదినే నన్ను ఓదార్చింది. మా ఆయన ఒక మూల నిలబడి పిల్లాడిలా వెక్కారు. కార్యక్రమాలు అయిన మర్నాడు, అంటే నిన్న, వదిన మమ్మల్నిద్దర్నే పిలిచింది. అన్నయ్య నల్ల సంచి మంచం మీద గుమ్మరించింది. "నాకివేం తెలుస్తాయి అమ్మాయ్? ఆయన గుర్తుగా మీరేదైనా తీసుకోండి" అంది. నేను చిన్న స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఆ నిమిషం నా మనసులో ఏ కల్మషమూ లేదు. ఆదివారం నేనే మాట్లాడతానని రాత్రికి గ్రూపులో పెట్టేద్దామనుకున్నాను. ఏం మాట్లాడాలో కూడా తోచింది, తీగల గురించి నన్నడిగిన ఒకే ఒక్క మనిషి అని.

మా ఆయన ఇంకా ఏమీ తీసుకోలేదు. మంచం మీద మూడు తీగ కండెలున్నాయి, ఏ కాగితమూ అంటించని కండెలు. వదిన ఒకటి అందించింది. "ఇది తీసుకోండి అన్నయ్యగారూ."

"అది వద్దక్కయ్యా. దాంతో పొగ ఆలస్యంగా వస్తుంది" అన్నారు మా ఆయన యథాలాపంగా. "ఆ పక్కదివ్వండి."

వదిన ఇచ్చింది. ఆవిడకి ధూపం గురించే తెలుసు. మా ఆయన జేబులో వేసుకున్నారు. దూరం నుంచే చూసి పోల్చుకున్నాను, స్టీలు. మూడింట్లో సరైనదే ఎంచారు. సాఫ్ట్‌వేర్ రాసే మనిషి, పెళ్ళయినన్నాళ్ళలో నా ల్యాబులో ఏం చేస్తానో ఒక్కసారీ అడగని మనిషి.

లిఫ్టులో మేమిద్దరమే. తలుపు మూసుకునేదాకా ఆగాను.

"దేంతో పొగ ఆలస్యంగా వస్తుందో మీకెవరు చెప్పారు?"

"బావ."

"ఎప్పుడు?"

ఆయన అంతస్తుల అంకెలకేసి చూస్తున్నారు. నేను మళ్ళీ అడిగాను.

"పోయిన నెల" అన్నారు. "నన్నే తీగ చుట్టుకోమని నేర్పాడు."

లిఫ్టు కింద ఆగింది. ఎవరో పిల్లలు ఎక్కబోతూ మా కోసం పక్కకి తప్పుకున్నారు. మా ఆయన దిగారు. నేను దిగలేదు.